క్వారీ గుంతలో నానిన వేప

కొత్త కోడలిగా మహబూబ్‌నగర్ వచ్చిన రోజుల్లో నేను ఏ చీర దులిపినా రంపపు పొట్టు రాలేది. ఇంటి ముందు భాగమంతా కట్టెకోత మిషన్, వెనక రెండు గదుల్లో మేము. మధ్యలో ఒక రేకుల గోడ. ఆరేసిన బట్టల మీద, బిందెలో నీళ్ల మీద, ఆఖరికి తోడేసిన పెరుగు మీద కూడా ఆ పొట్టు సన్నగా పరుచుకునేది. మా అమ్మ కేతేపల్లి నుంచి నన్ను చూడటానికొచ్చి, భోజనానికి కూర్చుని, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని నా ముఖం వైపు చూసింది.

"బువ్వ చేదుగున్నదేందే?" అంది.

వేప పొట్టు పడిందని చెప్పాను. "పోనీ తియ్, కడుపుల పురుగులన్న చస్తయి," అని మిగతాదంతా తినేసింది. పోయేటప్పుడు మాత్రం గిన్నెల మీద మూతలు సరిగ్గా పెట్టుకొమ్మని పదిసార్లు చెప్పింది.

అది తెలంగాణ వచ్చిన ఏడాది. ఊరూరా ఇళ్లు లేస్తున్నాయి. పొద్దున్నే ట్రాక్టర్లలో వేప మొద్దులు, తుమ్మ మొద్దులు దిగేవి. మిషన్ మొదలైతే ముందు సన్నగా ఈల వేసేది, మొద్దు తగలగానే గొంతు మారేది. మధ్యలో ఒకచోట కుంటినట్టు టక్కుమనేది. ఆ టక్కు ఎందుకొస్తుందో మెకానిక్‌లకూ తెలియలేదు. మా ఆయనకు ఆ చప్పుడంటే చిరాకు. మా మామకు మాత్రం అది వినపడకపోతే మిషన్ ఆగిపోయిందేమోనని కంగారు.

మామ ఆ మిషన్‌ను కుర్రతనంలో పెట్టాడట. చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంటికి పోయినా గుమ్మం దగ్గర ఆగి, దర్వాజ మీద చేయి వేసి, "గిది మనదే," అనేవాడు. ఇంటివాళ్లు పలకరిస్తున్నా ముందు దర్వాజను పలకరించేవాడు. పెళ్లికి పోయినా అంతే, చావుకు పోయినా అంతే. నాకు మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత తర్వాత నేనూ గుమ్మాల వైపు చూడటం మొదలుపెట్టాను. ఒక అలవాటు ఇంట్లో వాళ్ల నుంచి మనకు ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు.

మా దగ్గర దర్వాజ అంటే ఉత్త ద్వారబంధం కాదు. ఇల్లు కట్టేవాడు గోడలకంటే ముందు దర్వాజ నిలబెడతాడు. గడప కింద నవధాన్యాలు పోసి, పసుపు పూసి, మామిడాకులు కట్టి, దాన్ని చెక్కిన వడ్లాయనకు కొత్త బట్టలు పెట్టి నిలబెడతాడు. అలాంటి దానికి చెదలు పట్టిందంటే ఇంటికే పట్టినట్టు. అందుకని మామ దర్వాజకు వచ్చిన వేప మొద్దును పచ్చిగా కోయనిచ్చేవాడు కాదు. ఊరి బయట ఒక పాత బండల క్వారీ ఉండేది. రాయి తీసి తీసి వదిలేసిన గుంత. వానలకు నిండి, ఎండాకాలం వచ్చేసరికి అడుగంటేది. మొద్దులకు ఇనుప తాళ్లు కట్టి, బరువుకు బండరాళ్లు వేసి ఆ గుంతలో ముంచేవాడు. నీళ్లు దిగిపోయేదాకా అవి అందులోనే. వేపలో ఉన్న పసరంతా నీళ్లలోకి దిగిపోతుందని, ఆ తర్వాత ఏ పురుగూ దాని జోలికి పోదని చెప్పేవాడు. మా కేతేపల్లి వైపు కూడా దూలాలు పాడుబడ్డ బావుల్లో నానబెట్టేవాళ్లు గనక నాకు అది వింతగా అనిపించలేదు. ఈ వైపు ఎవరినడిగినా అదే చెప్పేవాళ్లు, నానిన వేప ముందు టేకు కూడా దిగదుడుపేనని.

ఎండాకాలంలో మొద్దులు పైకి లాగే రోజు మాకు పండగలాగే ఉండేది. ట్రాక్టరు తాడు బిగించగానే నల్లగా, జారుడుగా, నాచు వేలాడుతూ ఒక్కో మొద్దు పైకొచ్చేది. నేను టిఫిన్ డబ్బాలు పట్టుకుని గట్టు మీద కూర్చునేదాన్ని. బండల వేడి, నీళ్ల పాచి వాసన, ఉల్లిపాయతో జొన్నరొట్టె. ఇప్పుడు ఎంత మంచి హోటల్లో తిన్నా ఆ గట్టు మీద తిన్న తిండి గుర్తుకొస్తుంది. ఏమీ తోచక కూర్చున్న ఆ మధ్యాహ్నాలే నా పెళ్లి జీవితంలో మంచి రోజులని అప్పుడు తెలియలేదు.

రాష్ట్రం వచ్చి రెండేళ్లు కూడా తిరక్కముందే వచ్చింది ఆ లారీ. మా ఆయన ఓడరేవు నుంచి తెప్పించాడు. పైన కప్పిన పట్టా తీయగానే మేమంతా నోరు తెరిచాం. ఒకే పొడుగు, ఒకే మందం, ఒకే రంగు. ఎక్కడా ఒక్క ముడి లేదు, వంకర లేదు. మలేషియా కట్టె అన్నారు. మామ ఒక చెక్క ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి వాసనే లేదు గదరా," అన్నాడు.

"వాసనతో ఏం పని బాపూ? కొనేటోడు వాసన చూస్తడా, రేటు చూస్తడా?" అన్నాడు మా ఆయన.

మా ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మన వేప చెట్టు పొలం గట్టున ఒంటరిగా పెరుగుతుంది. మేకలు కొరికినా, నాగలి తగిలినా, పక్కవాడు కొమ్మ నరికినా తట్టుకుని, ఎటు వీలైతే అటు వంగి పెరుగుతుంది. దాన్ని కోస్తే సగం పొయ్యిలోకే. ఆ లారీలో వచ్చిన కట్టెలో వృథా అన్నది లేదు. అక్కడ అడవినే కొలతలు పెట్టుకుని పెంచుతారట. అక్కడే కోసి, అక్కడే ఆరబెట్టి, సముద్రం మీద తెచ్చి, మా వీధిలో దింపి కూడా మా వేపకంటే చవగ్గా అమ్ముతున్నారు. ఇది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఏడాది తిరిగేసరికి ఇల్లు కట్టేవాళ్లు వచ్చి నేరుగా "ఫారిన్ కట్టె ఉన్నదా?" అని అడగటం మొదలుపెట్టారు. ఆ వెనకే చెక్కపొడి, ప్లాస్టిక్కు కలిపి పోతపోసిన తలుపులు వచ్చాయి. వాటి మీద గులాబీ పువ్వులు, నెమళ్లు. నాకు వాటిని చూస్తే ఒళ్లు మండేది. తలుపు మీద నెమలి ఎందుకు? వచ్చిపోయేవాళ్లకు పురి విప్పి చూపించడానికా?

ఒకసారి పట్టణంలో కట్టె వ్యాపారులకు మీటింగు పెడితే నేనే పోయాను. మామకు ఓపిక లేదు, మా ఆయనకు నమ్మకం లేదు. తెర మీద బొమ్మలు చూపించి, మన కలప పరిశ్రమ ప్రపంచ మార్కెట్లో పోటీకి నిలబడాలని చాలాసేపు చెప్పారు. వియత్నాం ఎలా నిలబడిందో, చైనా ఎలా నిలబడిందో చెప్పారు. మధ్యలో సమోసా, చాయ్ ఇచ్చారు. చివర్లో నేను లేచి, కట్టె ఆరబెట్టే గది ఈ జిల్లాలో ఎక్కడుందో చెబుతారా అని అడిగాను. మంచి ప్రశ్న అన్నారు. అందరూ చప్పట్లు కూడా కొట్టారు. జవాబు మాత్రం రాలేదు. కాకపోతే ఆ మీటింగులో నా పక్కన కూర్చున్న ఒకావిడ వల్లనే మా కథ మలుపు తిరిగింది.

ఆవిడ హైదరాబాదు నుంచి వచ్చింది. వేప కట్టెతో గరిటెలు, దువ్వెనలు చేయించి బయటి దేశాలకు పంపుతుంది. మా ఇంట్లో అందరం ఆమెను మేడమ్ అనే అనేవాళ్లం. మాది వేప కోసే మిషన్ అనగానే నా చేయి పట్టుకుంది. వారం తిరక్కుండా మా ఇంటికి వచ్చి, రేకుల కింద స్టూలు మీద కూర్చుని, సంచీలోంచి ఒక బొమ్మల పుస్తకం తీసింది. అందులో ఉన్నది తెడ్డు. కాలం చేసిన మా అత్తగారు జొన్న గటక కలిపిన తెడ్డు లాంటిదే, కాకపోతే నున్నగా, తెల్లటి గుడ్డ మీద పడుకోబెట్టి ఫోటో తీశారు.

మామ ఆ బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "గీ తెడ్డు కోసం సముద్రం అవతల మనుషులు ఎదురు చూస్తున్నరా?" అన్నాడు.

"అవునండీ. ప్లాస్టిక్కు వద్దంటున్నారు. వేప అయితే ఇంకా ఇష్టం," అంది మేడమ్.

మామ పుస్తకం మూసి లేచాడు. మూలనున్న నానని ఎండు ముక్కలతో వడ్లాయన చేత నాలుగు తెడ్లు చేయించి ఆమెకు ఇచ్చాడు. అవి పోయాయి, నచ్చాయి. పెద్ద ఆర్డరు వచ్చింది. అప్పటికే మా ఆయన మిషన్ తీసేసి ముందు భాగాన్ని తలుపుల షాపు చేద్దామని రోజూ గొడవపడుతున్నాడు. ఆ సాయంత్రం అన్నం దగ్గర మామ తేల్చేశాడు.

"ఒక్క ఏడాది ఆగు. గీ తెడ్లు ఓడ ఎక్కితే మిషన్ నడుస్తది. ఎక్కకపోతే నీ ఇష్టం, నేను నోరు తెరువ."

మా ఆయన సరేనన్నాడు. తండ్రీకొడుకులు అలా ఒక మాట మీదికి రావడం నేను ఆ ఇంటికి వచ్చాక అదే మొదలు. నేను మనసులో ఎల్లమ్మకు మొక్కుకున్నాను. మిషన్ చప్పుడు లేని ఇల్లు నాకు ఊహకు అందలేదు.

ఆ తర్వాత మామను చూడాలి. ఇరవై ఏళ్లు వెనక్కి పోయినట్టు ఊళ్లు తిరిగాడు. బొట్టు పెట్టిన చెట్టు, పోచమ్మ రాయి ఉన్న చెట్టు ముట్టుకోడు. అడ్డం వచ్చిన చెట్టు, రోడ్డు వెడల్పులో పోయే చెట్టు చూసి కొనేవాడు. పురుగు పట్టదని చీకటి పక్షంలోనే నరికించేవాడు. మొద్దులు మిషన్ దగ్గరికి వస్తాయనుకుంటే నేరుగా క్వారీకి తోలించాడు. ఒక్కటి కూడా మిగల్చకుండా గుంతలో ముంచాడు.

"మేడమ్ ఎండబెట్టి కొయ్యమని చెప్పింది గద మామా?" అన్నాను.

"ఎండబెడుతం బిడ్డా. నానినంక ఎండబెడితే చెడుతదా? మన ఊరోల్ల దర్వాజకే నానబెట్టి ఇస్తిమి. పరాయి దేశపోల్లకు పచ్చిది ఇస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

ఆ మాటకు ఎవరం ఎదురు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. మాకు తెలిసిన మర్యాదల్లో అదే పెద్దది. ఇంటి దర్వాజకు చేసే మర్యాద తెడ్డుకు చేశాడు. మా ఆయన కూడా, "పురుగు పట్టి వాపసు వస్తే మళ్ల మనకే తల్నొప్పి, నాననియ్," అన్నాడు.

ఎండలు ముదిరాక సగం మొద్దులు తీశాం, మిగతావి లోతులో ఉన్నాయి గనక తర్వాత చూద్దామనుకున్నాం. తీసినవి కోసి, నీడన ఆరబెట్టి, వడ్లాయన తన వాళ్లను కూడా పెట్టుకుని తెడ్లు చెక్కాడు. రేకుల కింద తెడ్ల కుప్పలు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నా వేళ్లు పగిలిపోయాయి. రంగు కొంచెం బూడిదగా వచ్చిందని నాకనిపించింది, నానిన కట్టె అలాగే ఉంటుందిలే అనుకున్నాను. మొదటి పెట్టె హైదరాబాదు పోయిన రోజు మామ బస్టాండు దాకా వెంట పోయాడు. బస్సు పైన పెట్టె కట్టేవాడికి జాగ్రత్తలు చెప్పి, అది మూల తిరిగేదాకా నిలబడి వచ్చాడు.

మూడో రోజు ఫోను వచ్చింది. మేడమ్ గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "చల్లగా ఉన్నప్పుడు ఏం లేదమ్మా. వేడిలో పెడితే వాసన వస్తోంది. చెరువు వాసన. నేను మూడుసార్లు కడిగి చూశాను."

నాకు చర్రున కోపం వచ్చింది. పట్నం ముక్కులకు అన్నీ వాసనలేనని ఫోను పెట్టేసి గట్టిగానే అన్నాను. నిరూపిద్దామని కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. చింతపులుసు పోసి, ఎల్లిపాయ తాలింపు పెట్టి, కొత్త తెడ్డుతో కలిపాను. ఆవిరి ముఖానికి తగిలింది. క్వారీ గట్టు మీద కూర్చున్నట్టే ఉంది. తాలింపు వాసనను తోసుకుని పాచి వాసన పైకి లేచింది.

అయినా వడ్డించాను. దాచి లాభమేముంది? మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. తండ్రి వైపు చూశాడు. మామ తల ఎత్తలేదు. ముద్ద మీద ముద్ద కలుపుకుంటూ కంచంలో ఉన్నదంతా తిన్నాడు. ఇంకొంచెం వెయ్యమని అడిగి వేయించుకుని అది కూడా తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నాడు:

"దర్వాజను ఎవడన్న నోట్ల పెట్టుకుంటడా? నాకు గా ఆలోచనే రాలే."

మా ఆయనకు నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. మామ కూడా నవ్వాడు. ముగ్గురం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది, నీళ్లు మాత్రం ఆగలేదు.

మేడమ్ మంచిదే. మళ్లీ నానబెట్టని కట్టెతో చేసి ఇవ్వమంది. కానీ ఆమె అవతలివాళ్లకు మాట ఇచ్చిన గడువు దగ్గర పడింది, మా దగ్గర నానని మొద్దు ఒక్కటి లేదు. ఆమె ఇంకెక్కడో చేయించుకుంది. ఆ సరుకు ఓడ ఎక్కింది, మాది ఎక్కలేదు.

మామ మాట మీద నిలబడ్డాడు. నోరు తెరవలేదు. మిషన్‌ను వెనక మూలకు జరిపి పట్టా కప్పారు. ముందంతా టైల్సు వేసి, అద్దాలు పెట్టి, నెమలి తలుపులు నిలబెట్టారు. షాపు బాగానే నడిచింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, తర్వాత పుట్టిన మా పిల్లల చదువులు దాని మీదే నడుస్తున్నాయి. మామ పొద్దున్నే స్నానం చేసి వచ్చి షాపులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరూ లేనప్పుడు లేచి ఒక్కో తలుపును వేలి మెటికతో కొట్టి చూసేవాడు. డొల్ల చప్పుడు వస్తే వచ్చి కూర్చునేవాడు. ఇంట్లో పెరుగు మీద ఇప్పుడు ఏమీ పడదు. మూత పెట్టే అలవాటు మాత్రం నాకు పోలేదు.

గుంతలో మిగిలిన మొద్దులు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాతే కాలువ నీళ్లు మా వైపు వచ్చాయి. చుట్టూ చెరువులు నిండాయి, ఊటలు పెరిగాయి, బోర్లు నీళ్లు పోశాయి. జనం సంతోషపడ్డారు, మేమూ సంతోషపడ్డాం. క్వారీ గుంత మాత్రం ఎండాకాలంలో కూడా దిగడం మానేసింది. ఎప్పుడు చూసినా అంచు దాకా నీళ్లే.

ప్రతి ఎండాకాలం మామ ఒకటే అడిగేవాడు. "గుంతల నీళ్లు ఎంత దాక దిగినయ్?"

"దిగలే బాపూ. కాల్వ నీళ్లు గద," అనేవాడు మా ఆయన.

"మంచిదే తియ్. పంటలు పండుతయి. మన మొద్దులు యాడికి పోతయి?"

అలా అనేవాడు గానీ మళ్లీ వారానికి అదే అడిగేవాడు. మంచం పట్టాక కూడా అడిగాడు. ఆ ఏడు మా పాలమూరులో వేప చెట్లన్నీ కొసలు మాడి, ఎర్రబడి, ఎండిపోయాయి. వేపకు కూడా కరోనా వచ్చిందని జనం చెప్పుకున్నారు. రైతులు భయపడి చెట్లు అమ్ముతామని మా ఇంటికి వరసకట్టారు. అడిగినంతకు ఇచ్చేస్తామన్నారు. మామ మంచంలోంచే చేయి అడ్డం ఊపాడు. "పానం ఉన్నదో లేదో సూడుండ్రి. చిగురు వెయ్యనియ్యుండ్రి," అన్నాడు. ఆ మాట ఎంతమంది విన్నారో నాకు తెలియదు. చలికాలంలో ఆయన పోయాడు. ఉగాది వచ్చేసరికి చాలా చెట్లు చిగురించాయి. పచ్చడికి పువ్వు కోసుకొచ్చి, ఎవరికి చెప్పాలో తెలియక, నిలబడ్డచోటే ఏడ్చాను.

ఆయన పోయాక మా ఆయన మిషన్‌ను నల్గొండ వైపు హాలియాలో ఒకాయనకు అమ్మేశాడు. పట్టా తీసినప్పుడు లోపల ఇంకా పొట్టు ఉంది. నేను ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఆయన చూసీ చూడనట్టు లారీ దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత రెండేళ్లకు వానలు సరిగ్గా పడలేదు. కాలువ రాలేదు. బోర్లు మళ్లీ ఎండాయి. ఒక పొద్దున మా ఆయన బండి మీద ఎక్కడికో పోయి వచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పులు కూడా విడవకుండా అన్నాడు:

"నీళ్లు దిగినయ్."

ఎవరో అడిగినట్టు చెప్పాడు. అడిగే మనిషి లేడని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మా ఆయన రోజూ పోయి చూస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ, చెప్పకుండా.

ట్రాక్టరు పెట్టి లాగించాం. ఇనుప తాళ్లు తుప్పు పట్టి తెగిపోయాయి, మొద్దులు చెక్కుచెదరలేదు. నేను డబ్బాలో జొన్నరొట్టెలు పెట్టుకుని పోయాను. గట్టు మీద అదే చోట కూర్చున్నాం. కోయించాలంటే మా దగ్గర మిషన్ లేదు. పట్టణంలో వేరేవాళ్లవి ఉన్నాయి, కానీ మా ఆయన డీసీఎం వ్యాను మాట్లాడి హాలియాకు తోలించాడు. కిరాయి దండగ కదా అని నేను అనలేదు. కల్వకుర్తి మీదుగా, దేవరకొండ దాటి పోతుంటే దారంతా ఇద్దరం కిటికీలోంచి ఇళ్ల గుమ్మాలు చూస్తూ పోయాం. కేతేపల్లి అక్కడికి దగ్గరేం కాదు గానీ, నల్గొండ జిల్లాలోకి అడుగు పెడితే చాలు నాకు పుట్టింటికి వచ్చినట్టే ఉంటుంది.

హాలియాలో ఆ మిషన్ మీద ఇప్పుడు ప్యాకింగ్ పెట్టెల చెక్కలు కోస్తున్నారు. ఆ టక్కు ఇంకా వస్తుందా అని అడుగుదామనుకునేలోపే వాళ్లు మా మొద్దు ఎక్కించారు. సన్నగా ఈల. కట్టె తగలగానే గొంతు మారింది. తర్వాత టక్కుమంది. ఆ చప్పుడంటే చిరాకు పడే మా ఆయన అక్కడున్న ఒక చెక్క మీద కూర్చుండిపోయాడు. మొద్దు పైపొర అంతా నల్లగా ఉంది, లోపల లేత ఎరుపు. చుట్టూ పొట్టు లేచింది. నా చీర మీద పడింది, దులుపుకోలేదు.

ఆ కట్టెతో మా షాపుకు దర్వాజ చేయించాం. ముందున్న ఇనుప చట్రం తీసేసి, వడ్లాయనను పిలిచి, కొత్త బట్టలు పెట్టి, గడప కింద నవధాన్యాలు పోసి నిలబెట్టించాం. లోపల అమ్మేవన్నీ బయటి దేశాల తలుపులే, లోపలికి వచ్చే దర్వాజ మాత్రం మాది. కొనడానికి వచ్చినవాళ్లలో పదిమందికి ఒకరు దాని మీద చేయి వేసి, ఇదెంత అని అడుగుతారు. అది అమ్మేది కాదని మా ఆయన చెబుతాడు. ఎక్కడ దొరుకుతుందని అడిగితే మాత్రం లోపలి నెమలి తలుపుల దగ్గరికి తీసుకుపోతాడు.

మిగిలిన ముక్కతో వడ్లాయన అడక్కుండానే ఒక తెడ్డు చేసి ఇచ్చాడు. ఈసారి అన్ని ఏళ్లు నానినా ఇది లోపలి కట్టె, పైగా అంత ఎండలో ఆరింది, ఇంక ఏ వాసనా ఉండదులే అనుకున్నాను. మామకు ఇష్టమైన పప్పే పెట్టాను. చింతపులుసు పోసి, ఎల్లిపాయ తాలింపు పెట్టి, ఆ తెడ్డుతో కలిపాను. ఆవిరి ముఖానికి తగిలింది. కంచాలు పెట్టి మా ఇద్దరికీ వడ్డించాను. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఉన్నది," అన్నాడు.

"ఉన్నది," అన్నాను.

ఆయన తల వంచుకుని కంచంలో ఉన్నదంతా తిన్నాడు. ఇంకొంచెం వెయ్యమన్నాడు. వేశాను.